పంపు తిరుగుతూనే ఉంది

"ఏమండీ, టీ చల్లారిపోతోంది" అని ఆ ఇంటి ఇల్లాలు వంటింట్లోంచి పిలవడం అది మూడోసారి. మూడోసారీ జవాబు లేదు. ఆవిడ కప్పు పట్టుకెళ్లి, గది తలుపు మోచేత్తో తోసి, మొగుడి ముందు టక్కున పెట్టింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"పిలవొచ్చుగా" అన్నాడు.

"పిలిచాను. గోడలన్నీ విన్నాయి, మీరు తప్ప."

"ఈ ఫ్యాన్ల రొదలో నీ మాట ఎక్కడ వినపడుతుంది?" అంటూ ఆయన బల్ల మీద బుసలు కొడుతున్న కంప్యూటర్‌ని చూపించాడు. "ముందు దీని నోరు మూయించాలి."

ఆవిడ నోరు మూసుకుని వెళ్లిపోయింది. ఏడాదిగా ఆ ఇంట్లో జరుగుతున్నది అదే.

ఆయన రికార్డింగ్ పని చేస్తాడు. ఇంట్లో ఉన్న చిన్న గదికి గోడల నిండా మెత్తలు కొట్టించి, అందులోనే మైకూ బల్లా పెట్టుకుని, పాఠాలు చదివేవాళ్ల గొంతులు పడతాడు. చదివే మనిషి గుటక మింగినా, కాగితం కొస వేలికి తగిలినా పట్టేసి "మళ్లీ చదవండి" అనేవాడు గనక ఆ పనిలో ఉన్నవాళ్లంతా ఆయన్ని చెవులాయన అంటారు. ఆ పేరంటే ఆయనకెంత మురిపెమో చెప్పక్కర్లేదు. అలాంటి మనిషి చేసిన రికార్డింగులు ఈమధ్య రెండుసార్లు తిరిగొచ్చాయి. మాటల వెనక ఏదో సన్నగా ఈల వినిపిస్తోందట. ఇంకోసారి ఇలాగే అయితే వేరేవాళ్లను చూసుకుంటామని పాఠాల కంపెనీవాళ్లు మర్యాదగానే చెప్పారు. ఆయనకి ఆ పూట ముద్ద దిగలేదు. తప్పంతా కంప్యూటర్ ఫ్యాన్లదేనని తేల్చేసి, కూతుర్ని కూర్చోబెట్టుకున్నాడు.

కూతురిది కంప్యూటర్లు బిగించే పని. ఇంట్లో అందరూ చిన్నీ అనే పిలుస్తారు. మాట తక్కువ, కొలత ఎక్కువ. ఆ సాయంత్రం అట్టముక్కలూ కత్తెరా ముందేసుకుని నేల మీద చతికిలబడింది.

"నీ కంప్యూటర్ బూట్ల పెట్టెంత ఉంది నాన్నా. అందులో పెద్ద ఫ్యాన్ పట్టదు. చిన్న ఫ్యాన్ పాపం గాలి చాలక గిరగిరా తిరిగి గోల చేస్తోంది. అందుకని గాలి సంగతి వదిలేసి నీళ్లు పెడదాం."

గుమ్మంలో నిలబడ్డ తల్లి గుండె మీద చెయ్యేసుకుంది. "కరెంటు సామానులో నీళ్లేంటే? మతుండే మాట్లాడుతున్నావా?"

"నీళ్లు గొట్టాల్లోనే ఉంటాయమ్మా. చిప్ మీద రాగి పలక బిగిస్తాను. పంపు నీళ్లని దానిమీదుగా తోస్తుంది. అవి వేడి పట్టుకుని రేడియేటర్‌లోకి పోయి, చల్లబడి వెనక్కి వస్తాయి. తిరిగిన నీళ్లే తిరుగుతుంటాయి."

"ఆ రేడియేటర్ ఎక్కడ పెడతావ్?" అన్నాడు తండ్రి.

చిన్నీ ఒక పెద్ద అట్టముక్క తీసి కంప్యూటర్ పెట్టెలో నిలువుగా పెట్టి చూపించింది, పట్టలేదు. అడ్డంగా పెట్టింది, పట్టలేదు. "చూశావుగా. గోడకి చిల్లి పెట్టి అవతల నడవలో బిగిస్తాను. దాని ఫ్యాన్ల గోలేదో అక్కడ పడుతుంది. గదిలో పంపు ఒక్కటే ఉంటుంది, అది కూడా స్పంజి మీద."

"నడవలో అంటే నా అల్మారా ఉన్న గోడకా?" అంది తల్లి.

"అల్మారా కాస్త జరపాలమ్మా."

"ఇంకేం, నన్ను కూడా జరిపెయ్యండి, పనైపోతుంది. నా ఇంట్లో నేను దొంగలా నడుస్తున్నాను. రికార్డింగప్పుడు ఆ ఎర్ర బల్బు వెలిగితే గిన్నె పడకూడదు, కొళాయి తిప్పకూడదు, తుమ్మొస్తే వీధిలోకి పరిగెత్తాలి. ఇంత చేసినా నా మాటకి జవాబు చెప్పే దిక్కు లేదు."

ఆయన హెడ్‌ఫోన్లు తగిలించుకుని అటు తిరిగిపోయాడు. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చిన్నీ లేచి తల్లిని వంటింట్లోకి తీసుకెళ్లి, నెమ్మదిగా చెప్పింది. "ఆ ఫ్యాన్లు చెవి పక్కనే మోగుతుంటే నాన్నకి నీ మాటెలా వినపడుతుందమ్మా? ఒక్కసారి అవి ఆగనీ. నువ్వు పిలవగానే పలక్కపోతే అప్పుడు నన్నడుగు."

"పలుకుతారంటావా?"

"పలక్క ఏం చేస్తాడు."

మర్నాడు చిన్నీ నిద్ర లేచేసరికి నడవలో అల్మారా లేదు. తల్లి ఒక్కతే దాన్ని అవతలి గోడ దాకా ఈడ్చేసి, నడుము పట్టుకుని నిలబడి ఉంది.

ఆ తరవాత ఇంట్లో అదో వేడుక అయిపోయింది. తండ్రి కరెంటు తీగ ముక్కని గొట్టంలా వంచి పట్టుకుంటే, కూతురు టేపుతో కొలిచేది. వంపు మరీ బిగుతుగా ఉంటే నీళ్లు సాఫీగా పోవని ఒకసారి, నీళ్ల ట్యాంకు పంపు కన్నా పైనే ఉండాలని ఇంకోసారి, అన్నిటికన్నా కింద నీళ్లు వదిలే చిన్న కుళాయి ఉండాలని మరోసారి, వేసిన ప్లాను చెరిపి మళ్లీ వేసింది. గట్టి గొట్టాలు గనక ఒకసారి వంచాక ఇంక మార్చడానికుండదు. "పెళ్లిచూపులకి కూడా ఇంత ఆలోచించరే" అని తండ్రి నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్లైందో.

సెలవు రోజున అన్నీ బిగించారు. కంప్యూటర్‌కి కరెంటు ఇవ్వకుండా ముందు పంపు ఒక్కటే తిప్పి, ఎక్కడైనా కారుతోందేమో చూడాలి. చిన్నీ ప్రతి అతుకు కిందా టిష్యూ కాగితం పరిచి, ట్యాంకులో నీళ్లు పోసి, స్విచ్ వేసింది. గొట్టంలో బుడగలు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయాయి. కాగితాలు పొడిగానే ఉన్నాయి. కాని పంపులో గాలి చిక్కుకుని కీచుమని సన్నటి ఈల మొదలైంది. చిన్నీ మొహం చిట్లించింది. ఇంత కష్టపడీ చివరికి ఇదా అనిపించింది.

తండ్రి మాత్రం కళ్లు మూసుకుని, తృప్తిగా తలాడించాడు. "ఎంత హాయిగా ఉందే. చెవులు కడిగి పెట్టినట్టుంది."

"వెక్కిరించకు నాన్నా. గాలి పోతే సర్దుకుంటుంది."

"వెక్కిరింపేంటి? నిజంగానే అంటున్నాను."

తన మనసు కష్టపెట్టకూడదని అలా అంటున్నాడేమో అనుకుంది చిన్నీ. ఆయన తలుపుకి వీపు పెట్టి మోకాళ్ల మీద కూర్చుని, గొట్టం మీద వేలిముద్రలు గుడ్డతో తుడుస్తున్నాడు. అప్పుడే వంటింట్లోంచి తల్లి గొంతు వినిపించింది. ఫ్యాన్లు ఆగేదాకా పొద్దుట్నుంచీ కాచుకుని ఉంది ఆవిడ.

"ఏమండీ."

తండ్రి గొట్టం తుడుస్తున్నాడు.

"ఏమండీ, ఓసారి ఇలా వస్తారా?"

చిన్నీ తండ్రి వీపు వైపే చూస్తోంది. ఆ వీపు కదల్లేదు. కోపమొచ్చిన మనిషి వీపులా బిగుసుకోనూ లేదు. అక్కడెవరూ పిలవనే లేదన్నట్టు ఆయన తన పని తాను చేసుకుంటున్నాడు. చిన్నీకి ఒళ్లు జల్లుమంది.

తల్లి గుమ్మంలోకి వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది. "ఫ్యాన్లు లేవు, రొద లేదు. ఇప్పుడేమంటారు?"

ఆయన తిరిగి చూశాడు. "ఏమైంది?"

"రెండుసార్లు పిలిచాను."

"ఎప్పుడు? చిన్నీ, మీ అమ్మ పిలిచిందా?"

"పిలిచింది నాన్నా."

"ముందు ఆ దిక్కుమాలిన ఈల ఆపవే" అంది తల్లి. "పళ్లు జివ్వుమంటున్నాయి."

"ఏ ఈల?" అన్నాడాయన.

ఆయన భార్య మొహం చూశాడు, కూతురి మొహం చూశాడు. మొహం జేవురించింది. "తల్లీకూతుళ్లిద్దరూ కూడబలుక్కుని ఆటలాడుతున్నారా? నా చెవుల సంగతి నాకు చెప్పడానికొచ్చారా? ఊరంతా నన్నేమంటారో తెలుసా మీకు?"

"తెలుసు నాన్నా" అంది చిన్నీ. "పంపు మోగుతోంది. చాలా గట్టిగా మోగుతోంది."

ఆయన విసురుగా వంగి పంపు దగ్గర చెవి పెట్టాడు. రెండో చెవి పెట్టాడు. తరవాత చెయ్యి చాపి పంపు మీద వేళ్లు ఆనించాడు. వేళ్లకింద అది గజగజ వణుకుతోంది. వణుకున్న చోట చప్పుడుండి తీరుతుందని పని నేర్చుకోవడానికొచ్చిన వాళ్లకి చెప్పింది ఆయనే. వేళ్లు తీశాడు, ఏమీ లేదు. మళ్లీ పెట్టాడు. పంపు తిరుగుతూనే ఉంది.

"ఆపు" అన్నాడు నీరసంగా. చిన్నీ ఆపింది. వేళ్లకింద వణుకు ఆగింది. ఆయన చెవులకి మాత్రం అప్పటికీ ఇప్పటికీ తేడా తెలియలేదు. అక్కడే నేల మీద కూలబడ్డాడు.

చిన్నీ తల పక్కకి తిప్పింది. "పంపు ఆపినా ఇంకా ఏదో కూస్తోందేంటి?"

"అది ఆ కొత్త బల్లలైటే" అంది తల్లి. "తెచ్చిన రోజునుంచీ కూస్తూనే ఉంది. కంప్యూటర్ ఆపాక ఊడవడానికొస్తానుగా, రోజూ వింటూనే ఉంటాను."

చిన్నీ మైకు పక్కనున్న లైటు ప్లగ్గు పీకింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. రెండుసార్లు పని వెనక్కి తెచ్చిన ఈల ఫ్యాన్లది కాదు. మైకుకి జానెడు దూరంలో, ఆయన ముక్కు కింద కొన్నాళ్లుగా మోగుతున్న లైటుది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు నువ్వు?" అన్నాడాయన.

"మీ పని సామాను అలా కూయాలేమో అనుకున్నాను. నాకే వినపడేది మీకు వినపడకుండా ఉంటుందా అనుకున్నాను. ఈ గదిలో నోరు తెరవద్దన్నది మీరేగా."

ఆయన భార్య వైపు తిరిగాడు. "నువ్వు నిజంగా పిలిచేదానివా రోజూ?"

"పిలవక? నామీద మనసు విరిగిపోయిందనుకున్నాను. ఈ వయసులో ఏం తప్పు చేశానా అని ఎన్నిసార్లు ఏడ్చానో."

"నేను నువ్వే పిలవడం మానేశావనుకున్నాను" అన్నాడాయన. "టీ తెచ్చి టక్కున పెట్టి, పిలిచానని ఊరికే అంటున్నావనుకున్నాను. విసుగొచ్చిందేమో, నాతో మాట్లాడటం కూడా దండగనిపించిందేమో అనుకుని, నేనూ ఏమీ అనలేదు."

ఆవిడ ఆయన పక్కన నేల మీద కూర్చుని, ఆయన చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. చిన్నీ పరిచిన టిష్యూ కాగితాలు నీళ్లకి పనికిరాలేదు గాని, ఆ పూట వాళ్లకి పనికొచ్చాయి.

"రేపు డాక్టర్ దగ్గరికి వెళదాం నాన్నా. చెవికి పెట్టుకునే మిషన్లున్నాయి ఇప్పుడు."

"వెళదాం. కాని పని?" ఆయన మైకు వైపు చూశాడు. "చెవులాయనట. లైటు తీసేశానని చెప్పేస్తే వాళ్లకి సరిపోతుంది. మళ్లీ ఇంకోటేదో మోగితే?" లేచి, తన కుర్చీ వెనక్కి లాగాడు. "నువ్విలా వచ్చి కూర్చో."

"ఎవరు, నేనా?"

ఆవిడ ఆ కుర్చీలో ఎన్నడూ కూర్చోలేదు. కొస మీద బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, ఆయనే హెడ్‌ఫోన్లు చెవులకి సర్దాడు. చిన్నీ తన లాప్‌టాప్‌లో తిరిగొచ్చిన పాఠం పెట్టింది. ఆవిడ కళ్లు మూసుకుని వింది.

"మొదట్నుంచీ లైటు కూస్తోంది. ఈల మాట అలా ఉంచండి, ఈ చదివే అమ్మాయి ఇదిగో ఇక్కడ గుటక మింగింది."

ఆయన తెల్లబోయాడు. ఆ గుటక ఆయనకి తెలియనే తెలియదు. మళ్లీ వినిపించమన్నాడు, మళ్లీ అక్కడే వేలెత్తింది ఆవిడ. ఆయన నెమ్మదిగా నవ్వాడు. "రేపటినుంచి గిన్నెలు నేను కడుగుతాను. నువ్విక్కడ కూర్చో."

మర్నాడు పొద్దున్నే గదిలో బల్ల ఈడుస్తున్న చప్పుడుకి చిన్నీ పరిగెత్తుకొచ్చింది. ట్యాంకు ఖాళీ చేసి ఉంది. తండ్రి గొట్టాలన్నీ జాగ్రత్తగా విప్పి పక్కన పెట్టి, బల్లని గోడవైపు నుంచి తలుపువైపుకి తిప్పేశాడు.

"ఏం చేశావ్ నాన్నా? అవి గట్టి గొట్టాలు. ఇప్పుడు ఒక్కటీ సరిపోదు. గోడకి ఇంకో చిల్లి పెట్టాలి. కొలతలన్నీ మళ్లీ మొదటికొచ్చాయి."

"రానీ" అన్నాడాయన. "మళ్లీ కొలుద్దాం. ఇటు కూర్చుంటే వంటింటి గుమ్మం కనిపిస్తుంది."

చిన్నీ కళ్లు తుడుచుకుని, మూల పెట్టిన అట్టముక్కలు మళ్లీ ముందుకు లాక్కుంది.

వంటింటి గుమ్మంలోకి తల్లి వచ్చింది. పిలవలేదు. ఊరికే కప్పు పైకెత్తి చూపించింది.

ఒక్కసారికే ఆయన లేచాడు.