ఆకుపచ్చ బాణం

నా పేరు నోర్కా. పెరూలో కయావో రేవు పక్కనున్న పెద్దాసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా మైక్రోస్కోపు ముందు కూర్చుంటున్నాను. రోగుల ఒంట్లోంచి సూదితో తీసిన కణాలను గాజుపలకల మీద పూసి, రంగు వేసి, చూసి, బీరువాల్లో దాచడం మా పని. గదిలో ఎప్పుడూ పలకలు కడిగే జైలీన్ ఘాటు. జూలైలో, అంటే మా చలికాలంలో, కిటికీ సందుల్లోంచి సముద్రపు పొగమంచు కూడా లోపలికొస్తుంది.

ఆరేళ్ల కిందట మా చెల్లి ఎదెల్మిరాకి గొంతు దగ్గర చిన్న గడ్డ లేచింది. సూదితో తీసిన పలకను నేనే చూశాను. ఆ సాయంత్రమే చెల్లి పెళ్లి విందు. తొందరలో పైపైన చూసి, "శుభ్రంగా ఉంది డాక్టరమ్మా" అనేశాను. తను చూడని పలకకు మా పై డాక్టర్ ఒతిలియా ఏనాడూ సంతకం పెట్టలేదు. ఆ ఒక్కసారి నా మాట నమ్మి పెట్టింది.

డాక్టరమ్మ పోయి రెండేళ్లయింది. చెల్లికి ఇప్పుడు ఊపిరితిత్తుల దాకా క్యాన్సరు పాకింది. మళ్లీ సూది గుచ్చితే తట్టుకోలేదన్నారు. జన్యుపరీక్షలో ఫలానా మార్పు తేలితేనే మాత్రలిస్తారట. దానికి మిగిలింది ఆ పాత పలక ఒక్కటే. అందులో క్యాన్సరు కణాలు వెతికి, గీరి పంపాలి. గీరితే పలక ఖాళీ. నా తప్పుకు సాక్ష్యం కూడా పోతుంది. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధమే.

"దొరికాయా అక్కా?" వార్డులో మంచం మీంచి అడిగిన చెల్లికి గుసగుస తప్ప గొంతు మిగల్లేదు.

"వెతుకుతున్నానే."

"అప్పుడు ఏమీ లేదన్నావుగా. మరి ఇప్పుడేం గీరతావు?" అని నవ్వింది.

వేళాకోళానికే అంది. నాకు మాత్రం ప్రాణం పోయినంత పనైంది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లారు. మా గదిలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పలకను చూసే మైక్రోస్కోపు ఉంది. అవతలి కుర్చీ డాక్టరమ్మది. అక్కడున్న మీట కదిపితే ఇద్దరి కళ్లకూ ఆకుపచ్చ వెలుగు బాణం కనిపిస్తుంది. "ఇక్కడ చూడు అమ్మాయీ" అని దాంతోనే చూపించేది.

ఆ పాత పలక పెట్టి గంటసేపు కళ్లల్లో వత్తులేసుకుని వెతికాను. రక్తం తప్ప ఏమీ లేదు. బయట మంచు కమ్మేసింది. రేవులో ఓడ కూత పెట్టింది. జైలీన్ ఘాటులో మరో వాసన కలిసింది. సోంపు కషాయం... డాక్టరమ్మ రోజూ తాగేది.

బాణం వెలిగింది.

నేను ముట్టుకోలేదు. అది మెల్లగా జరిగింది. పలక అంచుకు పోయి ఆగింది. పలకను అటు జరిపాను. ఏడు కణాలు... గుత్తిగా. ఎవరు చూసినా క్యాన్సరనే అంటారు. ఆరేళ్లుగా అక్కడే ఉన్నాయి.

తలెత్తాను. కుర్చీ ఖాళీ. మీట ఇంకా కదులుతోంది.

"ఇప్పుడు చూశావా, అమ్మాయీ?"

చెవి పక్కనే, డాక్టరమ్మ గొంతు.

పలకను రెండు రోజులు జైలీన్‌లో నానబెట్టి, పైనున్న పల్చటి గాజు ఊడాక, బ్లేడుతో గీరి లీమా ల్యాబుకు పంపాను. మంగళవారం చెల్లి పోయింది. గురువారం కాగితం వచ్చింది. మార్పు ఉంది, మాత్రలు పని చేస్తాయి అని. చేతులు కాలాక ఆకులు. చెల్లిని నేనే చంపుకున్నాను. ఆ మాట దానికి చెప్పనే లేదు.

కాగితం అడుగున ఇంకో వాక్యం ఉంది. ఈ మార్పు తోబుట్టువులకూ ఉండొచ్చు, పరీక్ష చేయించండి అని. నా గొంతు తడుముకున్నాను. బఠాణీ గింజంత గడ్డ తగిలింది.

ఈ సోమవారం కొత్త డాక్టర్ రెన్సో నా గడ్డలోంచి సూదితో కణాలు తీశాడు. పలక పెట్టి ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం, ఆయన డాక్టరమ్మ కుర్చీలో. ఆయన పలకను అటూ ఇటూ రెండుసార్లు జరిపి చూసి గడియారం చూసుకున్నాడు. కూతురి బడిలో ఏదో పండగట.

"శుభ్రంగా ఉంది నోర్కా. నిశ్చింతగా ఉండండి."

నాకూ అందులో ఏమీ కనిపించలేదు. ఆయన రిపోర్టు కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. ఒక చేత్తో నొక్కిపట్టి, రెండో చేత్తో సంతకం పెడుతున్నాడు.

సోంపు వాసన వచ్చింది. నేను మైక్రోస్కోపు మీంచి కళ్లు తీయలేదు. బాణం వెలిగింది... ఒకచోట ఆగింది. అక్కడ కణాలు, గుత్తిగా. తర్వాత ఆ పక్కన. తర్వాత ఇంకో పక్కన. తర్వాత ఇంకోచోట...