రాణులకు అనుమతి లేదు

ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డులో పనిచేసేవాళ్లు, సామాను విప్పి చూపించాల్సిన దారి పేరు పెట్టి, ఆమెను చాటుగా రెడ్ ఛానెల్ అని పిలుచుకునేవాళ్లు. కస్టమ్స్ ఇన్‌స్పెక్టరుగా చేరిన నాటి నుంచి ఆమె కళ్లు దాటి ఒక్క పెట్టె కూడా బయటికి పోలేదు. ఆ అలవాటు ఆమె వెంటే ఇంటికీ వచ్చేసింది. సంబంధం మాట్లాడుకుందామని వచ్చిన ఒకబ్బాయిని, చదువుకీ ఉద్యోగానికీ మధ్య రెండేళ్లు ఏం చేశారని అడిగింది. అతను కాఫీ సగంలో వదిలేసి లేచాడు. అమ్మ ఆ రోజంతా కూతురితో మాట్లాడలేదు. కూతురికి మాత్రం ఆ రెండేళ్ల సంగతి తేలకుండా పోయిందే అన్న వెలితి మిగిలిపోయింది.

వాన దంచి కొడుతున్న ఒక ఉదయం, ఎక్స్‌రే దగ్గరున్న ఆపరేటరు ఒక అట్టపెట్టెను పక్కకు లాగాడు. లోపల ఏదో కదులుతోందన్నాడు. ఆ పెట్టె తాలూకు మనిషి తడిసి ముద్దయి కౌంటరు ముందు నిలబడి ఉన్నాడు.

"ఇందులో ఏముంది?" అని అడిగిందామె.

"రాణులండీ."

"ఎవరి రాణులు?"

"నావే."

ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. అతని ముఖంలోనూ లేదు. ఆపరేటరుకి నవ్వొచ్చి అటు తిరిగిపోయాడు.

అతను తేనెటీగలు పెంచుతాడు. ఆ ఏడు ఎండలకు అతని పెట్టెల్లో సగానికి సగం రాణి ఈగలు చనిపోయాయి. రాణి లేని పెట్టె కొన్నాళ్లకు ఖాళీ అయిపోతుంది. అందుకని విదేశం నుంచి కొత్త రాణుల్ని తెప్పించుకున్నాడు. బొటనవేలంత జాలీ గూళ్లలో ఒక్కో రాణి, పక్కన నలుగురైదుగురు చెలికత్తెలు, అంటే దానికి తిండి పెట్టే ఈగలు. అన్నీ వివరంగా చెప్పాడు. ఆమె అన్నీ వింది. విని, కుదరదంది. వీటికి జబ్బులేవీ లేవని రాసిచ్చింది అమ్మినవాడే తప్ప ఆ దేశపు ప్రభుత్వ డాక్టరు కాదు. ఇక్కడి క్వారంటైన్ డాక్టరు చూడాలి. ఆయన తమ్ముడి పెళ్లికి వెళ్లారు.

"ఆయన వచ్చేదాకా ఇవి బతకవండీ," అన్నాడతను.

"తెలుసు."

"తెలిసి కూడా ఆపుతారా?"

"తెలియనిది ఇంకొకటుంది కదా. వీటితోపాటు ఇంకేం వచ్చిందో."

మీకు గుండె ఉండాల్సిన చోట రబ్బరు స్టాంపు ఉన్నట్టుందని అతను ఎంతో మర్యాదగా అన్నాడు. స్టాంపు సూపరింటెండెంటు గారి దగ్గర ఉంటుందని ఆమె అంతే మర్యాదగా జవాబిచ్చింది.

కానీ పెట్టె బయటికి పోకూడదన్న రూలు, యజమాని లోపలికి రాకూడదని ఎక్కడా చెప్పలేదు. ఆమె అతన్ని సరుకు ఆపి ఉంచే గదిలోకి తీసుకెళ్లింది. ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. అతను దూదిని నీళ్లలో ముంచి, ఒక్కో జాలీ మీదా ఒక్కో చుక్క వదులుతూ ఏదో గొణుగుతున్నాడు.

ఏమంటున్నారని అడిగింది. అడగడం ఆమె డ్యూటీ.

"క్షమించమంటున్నానండీ. ఇంత దూరం రమ్మన్నది నేనే కదా."

ఆమె బయటికి వచ్చి క్వారంటైన్ డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన పెళ్లివారి భోజనాల దగ్గర ఉన్నానన్నారు. ఆయన తిన్నాక మళ్లీ చేసింది. ఆయన పడుకున్నాక కూడా చేసింది. చివరికి ఈ పోరు పడలేక ఆయన మర్నాడు పెళ్లిబట్టల్లోనే దిగారు. భూతద్దం పెట్టి ఒక్కో గూడూ చూస్తూ చూస్తూ ఒక చోట ఆగిపోయారు. ఒక చెలికత్తె పొట్టకు ఆవగింజంత ఎర్రటి పురుగు కరుచుకుని ఉంది. ఈ దేశంలో ఇంతవరకూ లేని పురుగు. ఒకచోట వదిలితే చాలు, ఊళ్లకు ఊళ్లు పెట్టెలు ఖాళీ చేసేస్తుందన్నారు డాక్టరు.

రాణులన్నిటినీ కాల్చేయాల్సి వచ్చింది. చూడలేకపోతే వెళ్లిపోవచ్చని అతనికి చెప్పారు. అతను వెళ్లలేదు. డ్యూటీ అయిపోయినా ఆమె కూడా అతని పక్కనే నిలబడింది.

"సగం మా నాన్న స్నేహితుల కోసం తెప్పించానండీ," అన్నాడు, మంట వైపే చూస్తూ. "వాళ్ల పెట్టెల్లో నా చేతులతో నేనే పెట్టి వచ్చేవాణ్ణి."

ఆమెకు ఏదైనా అనాలనిపించింది. ఆపడం, వదలడం తప్ప ఆ ఉద్యోగం ఆమెకు మాటలేవీ నేర్పలేదు. "జాగ్రత్తగా వెళ్లండి," అంది. ఇంటికి పోయాక ఆ ముక్కకు తనను తనే తిట్టుకుంది. అన్నం ఎందుకు కెలుకుతున్నావని అమ్మ అడిగితే ఏం లేదంది.

వానలు వెళ్లిపోయాయి. ప్రాణమున్న సరుకేమైనా వచ్చిందా అని ఆమె అప్పుడప్పుడూ ఆపరేటరును అడిగేది. ప్రత్యేకంగా దేనికోసమైనా చూస్తున్నారా మేడమ్ అంటే, లేదు, ఊరికే అనేది. ఒకసారి రంగు చేపలు వచ్చాయని అతను పరుగున వచ్చి చెప్పాడు. ఆమె ముఖం చూసి మళ్లీ చేపల సంగతి ఎత్తలేదు.

ఎండలు ముదరకముందే రాణులు మళ్లీ వస్తున్నాయని కబురు వచ్చింది. ఈసారి వేరే దేశం నుంచి, ప్రభుత్వ డాక్టరు సంతకంతో. ఆమె ఒక గ్లాసు నీళ్లు తాగి సూపరింటెండెంటు గారి గదిలోకి వెళ్లి, ఆ సరుకు తాను తనిఖీ చేయలేనని చెప్పింది. సరుకు తాలూకు పార్టీ మీకు బంధువా అని ఆయన అడిగారు. కాదంది. గొడవలేమైనా ఉన్నాయా అన్నారు. లేవంది.

"ఆయన విషయంలో నేను నిష్పక్షపాతంగా ఉండలేను సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అనుకూలమా, వ్యతిరేకమా?"

"అనుకూలం సార్."

"పార్టీకి తెలుసా?"

"చెప్పే సందర్భం రాలేదు సార్."

ఆయన పక్క కౌంటరు ఇన్‌స్పెక్టరును పిలిచి ఆ పని అప్పగించారు.

ఈసారి క్వారంటైన్ డాక్టరుకు ఏ పురుగూ దొరకలేదు. అతను పెట్టె పట్టుకుని తిన్నగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"నన్ను అటు పంపించారేంటండీ? ఇంకా అనుమానమేనా?"

"లేదు."

"మరి కోపమా?"

"కాదు. ఇష్టమైన మనిషి సరుకు మేం చూడకూడదు. రూలు."

అవతల ఆపరేటరు బెల్టు ఆపేశాడు. అతను పెట్టెను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"మాకు దగ్గర్లో ఇంకో ఎయిర్‌పోర్టు ఉందండీ. ఇక్కడికి తెప్పిస్తే బాగా దూరం. దారి కూడా బాగోదు."

"మరి ఎందుకు తెప్పించారు?"

"ఇక్కడైతే మీరు ఆపుతారని."

వెనక లైన్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. రాణులకు ఆలస్యమవుతోంది, వెళ్లండి అందామె. ఆదివారం తనకు సెలవనీ, వాళ్ల తోటకు వస్తాననీ చెప్పింది.

"తనిఖీకా?"

"మా అమ్మ కూడా వస్తుంది."

అతనికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక, మా నాన్నకి ఏమని చెప్పమంటారని అడిగాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పండి," అని, ఆమె లైన్లో అతని వెనకున్న పెద్దాయన్ను ముందుకు రమ్మంది. పెట్టెలో ఏముందని ఆయన్ను రెండుసార్లు అడగాల్సి వచ్చింది. మొదటిసారి ఆయన చెప్పింది ఆమెకు వినపడలేదు.