కైలాసం షెడ్డులో మారిన టర్బో

ఆ శుక్రవారం మధ్యాహ్నానికి ముకుంద్ దగ్గరున్న ఆస్తి ఇదీ: పదమూడేళ్లు కార్ల విడిభాగాల షాపు నడిపి మూసేయగా మిగిలిన అనుభవం, నయాపూల్ దగ్గర రెండో అంతస్తులో ఒక చిన్న బల్ల, ఆ బల్లకు ఎదురుగా కూర్చునే బాలత్రిపురసుందరి గారి మీద చెక్కుచెదరని గౌరవం. కేసులు మాత్రం లేవు. పన్నెండు రోజులుగా మెట్లెక్కి వచ్చినవాళ్లంతా కింది అంతస్తు వకీలు కోసం దారి తప్పి వచ్చినవాళ్లే.

సుందరి గారు ముప్పై ఏళ్లు ఇన్సూరెన్సు సర్వేయరుగా చేశారు. గుద్దుకున్న కార్లు, తగలబడ్డ లారీలు, యజమానులే తగలబెట్టిన లారీలు వేలల్లో చూసి రిటైరయ్యారు. ఇంట్లో పొద్దుపోక ప్రైవేటు పరిశోధన మొదలుపెట్టారు. మనుషులు అబద్ధమాడినంత సులువుగా ఇనుము ఆడదని ఆమె నమ్మకం.

రెండున్నరకు మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. ముకుంద్ తల ఎత్తకుండానే, "వకీల్ సాబ్ కింద ఉంటడు అన్నా," అన్నాడు.

"వకీలు కాడికి పోయే రోజు రావొద్దనే ఇక్కడికొచ్చిన భాయ్."

తలుపులో నిలబడ్డ మనిషి ఆరడుగుల ఎత్తున్నాడు. చేతులకు గ్రీజు. పేరు కైలాసం. కార్వాన్‌లో అతనికొక షెడ్డు ఉంది. పాత జపాన్ స్పోర్ట్స్ కార్లలో అలసిపోయిన ఇంజిన్లు దింపి, వాటి స్థానంలో పెద్ద ఇంజిన్లు ఎక్కించి, ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బోలు బిగించి పరుగు నేర్పడం అతని పని.

"కూర్చోండి. మొదటి నుంచి చెప్పండి," అన్నారు సుందరి గారు.

"లక్ష్మీకాంత్ సార్ అని ఆర్కిటెక్టు ఉన్నడు మేడమ్. ఆయనది డెబ్బై ఎనిమిది మోడల్ సెలికా కారు. దానికి ఆరు సిలిండర్ల ఇంజిన్ ఎక్కిస్తున్న. జపాన్ నుంచి ఒరిజినల్ టర్బో తెప్పించిండు సారు. గసుంటిది ఇప్పుడు కొత్తది దొరకదు. పొద్దున తొమ్మిదింబావుకు ముహూర్తం, కార్ల పెట్టి స్టార్ట్ చేసినం. నీలం పొగ! కుక్క ఏడ్చినట్టు సప్పుడు! విప్పి చూస్తే లోపల రెక్కలు అరిగిపోయి ఉన్నయ్. పైన నంబరు ప్లేటు లేదు. అది మా టర్బోనే కాదు మేడమ్. ఎవడో మార్చిండు."

"లక్ష్మీకాంత్ గారు ఏమన్నారు?"

"నేనే అమ్ముకున్ననంటున్నడు. ఆదివారం మధ్యాహ్నం లోపల టర్బో రాకుంటే పోలీసు ఫిర్యాదు. ఆయన దోస్తుల కార్లు ఇంకో ఏడు నా దగ్గరున్నయ్. అన్నీ తీస్కపోతరట. ఇరవై రెండేళ్ల పేరు మేడమ్. ఒక్క పూటల పోతది."

ముకుంద్ మనసులో లెక్క వేశాడు. రెండు రోజులు, ఎనిమిది కార్లు, ఒక మనిషి పరువు. బేరం గట్టిదే. సుందరి గారు అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నారు.

*

షెడ్డు ముందు కుర్చీ వేసుకొని కైలాసం తల్లి నాగమణమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. కొడుకు చేతిలో ఏ ఇంజిన్ తయారైనా కారులోకి దిగేముందు ఆమె చేతి పసుపూ బొట్టూ పడాల్సిందే. లేకపోతే ఆ ఇంజిన్ గడప దాటదు.

"ఈ ఇంజిన్‌కు ఎప్పుడు పెట్టారమ్మా?" అని అడిగారు సుందరి గారు.

"బుధవారం పొద్దుగాల బిడ్డా. కొబ్బరికాయ కొట్టిన, ఇగో ఈ నత్తగుల్ల లెక్కుండే దానికి పసుపు రాసి బొట్టు పెట్టిన. సారు ఉండె, సామాన్లిచ్చే శశిధర్ ఉండె, కంప్యూటర్ పిలగాడు అనురాగ్ ఉండె. అందరు కొబ్బరి తిన్నరు."

"మళ్లీ ఎప్పుడైనా పెట్టారా?"

"పెట్టిన బొట్టు మళ్ల పెట్టుడేంది? ఒక్కసారే." ఆమె నవ్వింది. "పూజ అయినంక మా బిడ్డ ఇంటికి పురానాపూల్ పోయిన. సాయంత్రం దాక రాలే."

"గురువారం ఎవరెవరు వచ్చారు?"

"కైలాసం పైపులు వంచుకరానీకి పొద్దుగాలే పోయిండు. నేను ఇక్కడ్నే కూసున్న. పది గంటలకు అనురాగ్ వచ్చిండు. వైర్లు కలుపుడున్నదని గంటన్నర లోపల్నే ఉండె. ఒంటిగంటకు శశిధర్ వచ్చిండు, గాస్కెట్ల డబ్బా పట్టుకొని. తిని పొమ్మన్నా వినలే. గంట సేపు లోపల ఏవో కొలతలు చూసుకొని, డబ్బా ఎత్తుకొని పోయిండు. పాపం, ఒళ్లంత చెమటలు. ఇంకెవ్వరు రాలే."

లోపల కైలాసం వాళ్లను ఒక మూలకు తీసుకువెళ్లాడు. తల్లి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"మేడమ్, ఒక ముచ్చట ఉన్నది. అమ్మకు తెల్వొద్దు. బుధవారం పన్నెండున్నరకు నేను, అనురాగ్ కలిసి ఇంజిన్‌ను స్టాండ్ మీదనే స్టార్ట్ చేసినం. ఇరవై నిమిషాలు తిప్పినం. టర్బో ఎర్రగ కాగింది. ఎక్కడ ఆయిల్ కారుతలేదు, మస్తుగున్నది. అంటే అప్పటిదాక టర్బో మాదే."

"అమ్మకు ఎందుకు తెలియకూడదు?"

"రాహుకాలం మేడమ్! ముహూర్తం శుక్రవారం పెట్టింది. ముందే తిప్పినమని తెలిస్తే లొల్లి లొల్లి చేస్తది. లక్ష్మీకాంత్ సారుకు, శశిధర్ భాయ్‌కు గూడ చెప్పలే. వాళ్ల నోట్ల ఏ మాట ఆగదు."

ముకుంద్ నవ్వు ఆపుకున్నాడు. ఆరడుగుల మనిషి, నాలుగు వందల గుర్రాల ఇంజిన్, భయమంతా చింతపండు ఒలిచే ఒక ముసలమ్మ అంటేనే.

*

శనివారం పొద్దున లక్ష్మీకాంత్‌ను ఆయన ఆఫీసులోనే కలిశారు. మనిషి కోపంగా ఉన్నా మర్యాద తప్పలేదు.

"నేను బుధవారం పూజ అవగానే విశాఖపట్నం వెళ్లానండి. ఫ్లైటు పదకొండున్నరకి. గురువారం రాత్రి తిరిగొచ్చాను. శుక్రవారం పొద్దున అంతా వీడియో తీశాను, చూడండి."

ఫోనులో కైలాసం కారు ముందు నిలబడి దండం పెడుతున్నాడు. కెమెరా ఇంజిన్ మీదుగా నెమ్మదిగా జరిగింది. మెరిసే పైపులు, కొత్త వైర్లు, టర్బో. దాని ఇనుప భాగం మీద పచ్చటి పసుపు, మధ్యలో ఎర్రటి బొట్టు. తాళం తిప్పారు. పొగ, అరుపు, "ఆపు ఆపు" అనే కేకలు.

సుందరి గారు ఆ వీడియోను తాళం తిప్పకముందు వరకే మూడుసార్లు చూశారు. తర్వాత టర్బో బిల్లు అడిగి, అందులోని నంబరు రాసుకున్నారు.

అనురాగ్ ఇరవై ఆరేళ్లవాడు. ల్యాప్‌టాప్‌తో ఇంజిన్‌కు పెట్రోలెంత, గాలెంత అని లెక్కలు సరిచేస్తాడు. అడగకముందే తన మీద అనుమానముందని తెలుసుకున్నాడు.

"నా కారుకు గూడ గసుంటి టర్బోనే వెతుకుతున్న అక్కా. అందరికి తెలుసు. గురువారం ఒక్కడినే ఉన్న. అదీ అందరికి తెలుసు. ఇంకేం కావాలె, పట్టుకపోండ్రి," అని రెండు చేతులూ ముందుకు చాచాడు.

"చేతులు దించు బాబూ. కాఫీ తాగుదువు గాని," అన్నారామె.

శశిధర్ షాపులో వీళ్లకు కాఫీ కాదు, ఏకంగా విందే దొరికింది. ఉస్మానియా బిస్కెట్లు, చాయ్, పై నుంచి నవ్వులు. జపాన్ నుంచి పాత ఇంజిన్లు, టర్బోలు తెప్పించడం అతని వ్యాపారం. కైలాసానికి సామాను ఇచ్చేది అతనే.

"కైలాసం భాయ్ దొంగ కాదు మేడమ్, నేను రాసిస్త. బుధవారం పూజకు పోయిన, కొబ్బరి తిన్న, పదకొండు గంటలకు వచ్చేసిన. శుక్రవారం మొట్టమొదటిసారి స్టార్ట్ చేస్తే గిట్లయింది. పాపం, ఏందో దిష్టి."

"గురువారం వెళ్లారు కదా?"

"గాస్కెట్లు ఇద్దామని పోయిన. సైజు కలవలే. వాపస్ తెచ్చిన."

మెట్లు దిగుతూ ముకుంద్ తన లెక్క తేల్చేశాడు. "అనురాగే మేడమ్. అవసరం వానిదే, అవకాశం వానిదే. బ్యాగు గూడ పెద్దది."

"లెక్క బాగానే కట్టావు. ఒక అంకె కలపడం మర్చిపోయావు," అన్నారు సుందరి గారు. "సరే గానీ, నీ పాత వ్యాపారంలో ఒక మాట చెప్పు. నంబరు ప్లేటు ఉన్న టర్బోకూ, లేనిదానికీ ధరలో తేడా ఎంత?"

"ప్లేటు లేకుంటే సగానికి సగం. దొంగ సరుకని ఎవడు ముట్టుకోడు."

"అయితే దొంగ ఆ ప్లేటు పీకి పారేయడు. కరీంనగర్‌లో మీ బావ ఇంకా విడిభాగాల షాపు నడుపుతున్నారా?"

*

ఆదివారం పది గంటలకు అందరూ షెడ్డులో చేరారు. లక్ష్మీకాంత్ జేబులో ఫిర్యాదు కాగితం మడిచి పెట్టుకొని వచ్చారు. అనురాగ్ ఒక టైరు మీద కూర్చున్నాడు. శశిధర్ అందరికీ చాయ్ చెప్పించాడు. కైలాసం ముఖంలో రెండు రాత్రుల నిద్రలేమి కనబడుతోంది.

"నాగమణమ్మగారూ," అన్నారు సుందరి గారు, "ఈ ఇనుప రేకు మీద పసుపు రాసి బొట్టు పెట్టండి."

ఆమె పెట్టింది. సుందరి గారు కైలాసం చేతికి గ్యాస్ టార్చి ఇచ్చి కింది నుంచి కాల్చమన్నారు.

"అయ్యో, బొట్టును కాలవెట్టుడేంది బిడ్డా!"

రేకు కాగింది. పసుపు గోధుమరంగులోకి తిరిగింది. బొట్టు నిమిషంలో బొగ్గులా నల్లబడింది.

"బొట్టు పెట్టింది టర్బో వేడి భాగం మీద. ఇంజిన్ పొగ తిరిగేది అక్కడే, నిప్పులా కాగుతుంది. బుధవారం పన్నెండున్నరకు ఇంజిన్ ఇరవై నిమిషాలు తిరిగింది. అంటే అసలు బొట్టు అప్పుడే నల్లబడాలి. శుక్రవారం తాళం తిప్పకముందు తీసిన వీడియోలో మాత్రం ఎర్రగా నిగనిగలాడుతోంది. నాగమణమ్మగారు పెట్టింది ఒక్కసారే."

"బుధవారం తిరిగిందా?" నాగమణమ్మ లేచి నిలబడింది. "రాహుకాలంల తిప్పినవారా కైలాసం?"

కైలాసం ఇంజిన్ వెనక్కి జరిగాడు. "గురువారం సాయంత్రం బొట్టు ఎర్రగ కనవడ్డది మేడమ్. అమ్మకు తెలిసిపోయింది, తుడిచి మళ్ల పెట్టిందనుకున్న. అడిగితే తిడతదని నోరు మూసుకున్న."

లక్ష్మీకాంత్ కూడా నవ్వేశారు. సుందరి గారు నవ్వలేదు.

"దొంగ పాత టర్బోకు ముందే పసుపు రాసి, బొట్టు పెట్టి తెచ్చాడు. బొట్టు లేకపోతే కైలాసం వెంటనే పట్టేస్తాడని తెలుసు. బుధవారం పూజలో ఎలా చూశాడో అలాగే పెట్టాడు. అంటే అతను పూజ చూశాడు, ఇంజిన్ తిరగడం చూడలేదు. అనురాగ్ పక్కనే ఉండి తిప్పించాడు, అతనైతే నల్ల బొట్టుతోనే తెచ్చేవాడు. లక్ష్మీకాంత్ గారికి తెలియదు, కానీ ఆయన విశాఖపట్నంలో ఉన్నారు. హోటల్‌కు ఫోన్ చేసి కనుక్కున్నాను. పూజ చూసి, తిప్పిన సంగతి తెలియక, గురువారం ఒంటరిగా ఇక్కడ గంట గడిపింది ఒక్కరే. డబ్బాతో వచ్చి డబ్బాతో వెళ్లారు."

అందరూ శశిధర్ వైపు తిరిగారు. అతను చాయ్ గ్లాసు కింద పెట్టి నవ్వడానికి ప్రయత్నించాడు.

"ఏంది మేడమ్, మజాక్ చేస్తున్నరా? విప్పినప్పుడు నల్లగున్నది నాకు కనవడదా?"

"కనబడే ఉంటుంది. కానీ అప్పటికి మీరేం చేయగలరు? తుడిస్తే కైలాసం చూస్తాడు. కాల్చడానికి మంట పెడితే బయట అమ్మగారు చూస్తారు. జేబులో నల్ల బొట్టు పెట్టుకొని ఎవరూ తిరగరు. ఎవరూ గమనించరులే అని బిగించి వెళ్లారు."

"సబూత్ ఏది, రుజువు ఏది? బొట్టు ఎర్రగుంటే నేను దొంగనా?"

"ముకుంద్, చెప్పు."

ముకుంద్ గొంతు సవరించుకున్నాడు. ఇంత మంది ముందు మాట్లాడడం అతనికిదే మొదటిసారి. "కరీంనగర్‌ల మా బావ నిన్న పార్టుల వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల గీ టర్బో కావాలని పెట్టిండు. పావుగంటల శశిధర్ భాయ్ ఫోటో పంపిండు. ప్లేటు ఉంటేనే పూర్తి ధర అంటే ప్లేటు ఫోటో గూడ పంపిండు." ఫోను లక్ష్మీకాంత్ చేతికి ఇచ్చాడు. బిల్లులోని నంబరూ ఫోటోలోని నంబరూ ఒక్కటే.

"ఇవ్వాళ పదిన్నరకు పురానాపూల్ కాడ మనిషి వచ్చి తీసుకుంటడని బావ చెప్పిండు," అని ముకుంద్ చేయెత్తాడు. "గా మనిషి నేనే. అక్కడిదాక ఎందుకు భాయ్, మీ కారు బయట్నే ఉన్నది."

అనురాగ్ టైరు మీంచి ఒక్క ఉదుటున లేచి బయటికి నడిచాడు. శశిధర్ తాళాలు ఇచ్చేశాడు. డిక్కీలో పాత దుప్పటి కింద టర్బో ఉంది. వేడి భాగం మీద కాలిన బొట్టును వైరు బ్రష్‌తో గీకిన గుర్తులు ఉన్నాయి.

"గిసుంటి టర్బోకు మస్తు ధర పలుకుతదని ఆశపడ్డ కైలాసం భాయ్. బుద్ధి గడ్డి తిన్నది," అన్నాడు శశిధర్, నేల చూస్తూ.

"ఇరవై రెండేళ్ల నుంచి నీ కాడ్నే కొన్న కద భాయ్," అన్నాడు కైలాసం.

లక్ష్మీకాంత్ జేబులోంచి కాగితం తీసి, పేరు కొట్టేసి ఇంకో పేరు రాశారు. తర్వాత కైలాసం ముందుకొచ్చి, అందరూ వింటుండగా, "తప్పు నాది. మిమ్మల్ని అనరాని మాట అన్నాను, క్షమించండి," అని రెండు చేతులూ జోడించారు. తన దోస్తులకూ అదే మాట అక్కడే ఫోనులో చెప్పారు.

కైలాసం అప్పటికప్పుడే టర్బో బిగించబోయాడు. నాగమణమ్మ పానా లాక్కుంది. "సోమవారం పది గంటలకు మంచిగున్నది. అప్పటిదాక ముట్టినవో..." ముట్టలేదు.

సోమవారం పదిన్నరకు సెలికా కార్వాన్ వీధుల్లోంచి బయటపడి రింగు రోడ్డెక్కింది. లక్ష్మీకాంత్ నడుపుతున్నారు, పక్కన కైలాసం, వెనక ఇరుకు సీటులో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముకుంద్. మీటరు ముల్లు పైకి లేచింది. టర్బో ఈల వేసింది. వీపు సీటుకు అతుక్కుపోగా, ముకుంద్ పదమూడేళ్లు తాను డబ్బాల్లో పెట్టి అమ్మిన సరుకు ఏం చేస్తుందో మొదటిసారి తెలుసుకున్నాడు.

సాయంత్రం లెక్క చూసుకున్నాడు. ఫీజు పూర్తిగా ముట్టింది. వచ్చే ఆదివారం నాగమణమ్మ ఇంట్లో ఇద్దరికీ భోజనం. సుందరి గారి నోట "బావతో బాగా నడిపించావు ముకుంద్" అన్న ఒక్క మాట. దాన్ని అతను ఎవరికీ అమ్మడు. ఇక కైలాసం షెడ్డులో ఎనిమిది కార్లకు ఎనిమిదీ ఉన్నాయి. ఈ ముచ్చట విని వరంగల్ నుంచి లారీ మీద బయలుదేరిన తొమ్మిదోది రేపు దిగుతుంది.