నాలుగో నంబరు సూది

సూది విరిగిన చప్పుడు నిలోఫర్‌కి ఒక్కదానికే వినిపించింది.

గబగబా చుట్టూ చూసింది. షెడ్డులో ఎవరూ లేరు. ఆడవాళ్ళంతా వరండాలో టీ తాగుతున్నారు. అమ్మీ ఫోన్ మాట్లాడుతోంది. నిలోఫర్ ఒళ్ళో దూది బుట్ట ఉంది. దాని మీద సగం కుట్టిన గూడబాతు బొమ్మ. చేతిలో సగం సూది.

మొన వైపు ముక్క లేదు.

అసలు ఆ సూది ముట్టుకోవద్దని అమ్మీ పొద్దున్నే చెప్పింది. "నువ్వు దూది విప్పి పెట్టు, చాలు. కుట్టుపని నీకొద్దు నీలూ" అంది. కానీ నిలోఫర్ ఆరో తరగతికి వచ్చేసింది. టీ తాగి వచ్చేసరికి ముక్కు కుట్టేసి ఉంటే అమ్మీ ఎంత మురిసిపోతుందో అనుకుంది. గూడబాతు ముక్కు మందపాటి అల్లిక. సూది దిగలేదు. బలం కొద్దీ నెట్టింది. అంతే.

బొమ్మని అటూ ఇటూ నొక్కి చూసింది. ఏమీ గుచ్చుకోలేదు. చాప దులిపింది. నేల మీద అరచేత్తో తడిమింది. ఎక్కడా లేదు.

కైకలూరులోని ఆ షెడ్డు పన్నెండు మంది ఆడవాళ్ళది. కొల్లేటికి వచ్చే గూడబాతుల్ని వాళ్ళు క్రోషే దారంతో బొమ్మలుగా అల్లి అమ్ముతారు. వాళ్ళ లీడరు దేవకుమారి ఏలూరులో మూడు రోజుల ట్రైనింగ్‌కి వెళ్ళివచ్చినప్పటి నుంచి అక్కడ అన్నీ రూల్సే. కళ్ళకి పూసలు పెట్టకూడదు. అవి ఊడితే చంటిపిల్లలు మింగేస్తారు. ప్రతి కుట్టూ లాగి చూడాలి.

అన్నిటికన్నా పెద్ద రూలు సూదులది. నంబర్లు వేసిన గుడ్డకి సూదులు గుచ్చి ఉంటాయి. పొద్దున సంతకం పెట్టి తీసుకోవాలి, సాయంత్రం సంతకం పెట్టి తిరిగివ్వాలి. విరిగితే ముక్కలన్నీ వెతికి రిజిస్టర్‌లో టేపుతో అంటించాలి. ఒక్క ముక్క దొరక్కపోయినా సరుకు గడప దాటదు.

ఆ రోజేమో సరుకు కదిలి తీరాలి. ముప్పై ఆరు గూడబాతులు అయిదు గంటల బస్సుకి విశాఖపట్నం వెళ్ళాలి. అక్కడి బొమ్మల షాపు వాళ్ళు మొదటిసారి ఇచ్చిన ఆర్డరు అది. "సోమవారం పొద్దుటికి రాకపోతే మాకొద్దండి" అని ముందే చెప్పారు.

విరిగింది అమ్మీ సూది. నాలుగో నంబరు.

నిలోఫర్ సగం సూదిని కాగితంలో చుట్టి జేబులో వేసుకుంది. ఇల్లు రెండు గుమ్మాల అవతలే. పరుగున వెళ్ళి అమ్మీ కుట్టు డబ్బాలోంచి అంతే పొడవున్న సూది తెచ్చింది. దాన్ని ముక్కు దగ్గర గుచ్చి పెట్టింది. ఆడవాళ్ళు గ్లాసులు కడిగి లోపలికి వచ్చారు. మిగిలిన బొమ్మల్లో దూది కూరడం మొదలుపెట్టారు.

మూడున్నరకి దేవకుమారి రిజిస్టర్ తెరిచింది.

"నాలుగో నంబరు, ఖదీజా గారు."

అమ్మీ సూది ఇచ్చింది. దేవకుమారి దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. 

"బావుందండి. సంతకం పెట్టండి."

అమ్మీ సంతకం పెట్టింది. లెక్క సరిపోయింది. ఎవరికీ ఏమీ తెలియలేదు. నిలోఫర్ మాత్రం జేబులో చెయ్యి పెట్టి కాగితాన్ని తడుముకుంది.

"నీలూ, చేతులు కడుక్కుని ఈ కార్డులు కట్టమ్మా" అంది దేవకుమారి.

ఒక్కో బొమ్మ మెడకీ ఒక్కో కార్డు. దాని మీద అచ్చువేసి ఉంది: 'చంటిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు. తనిఖీ చేసినది: ఖదీజా.'

మొదటి కార్డు కట్టింది. రెండోది కట్టింది. ముక్క నేల మీదే ఎక్కడో పడి ఉంటుంది, ఊడ్చేటప్పుడు పోయి ఉంటుంది అనుకుంది. పదో కార్డు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట తనకే నమ్మబుద్ధి కాలేదు. ఇరవయ్యో కార్డు దగ్గర ముడి రెండుసార్లు జారిపోయింది. ఊరూ పేరూ తెలియని ఒక పాపాయి కళ్ళ ముందుకి వచ్చింది. చిగుళ్ళు దురదపెట్టి దొరికిందల్లా నమిలే పాపాయి.

"ఏంటమ్మా, చలేస్తోందా? ఇంత ఉక్కలో వణికిపోతున్నావు" అన్నాడు ఆటో వీర్రాజు, గుమ్మంలోంచి తొంగిచూస్తూ.

"లేదండి" అంది నిలోఫర్.

పెట్టె మూశారు. టేపు వేశారు. వీర్రాజు దాన్ని ఆటోలో పెట్టి స్టార్ట్ చేశాడు. అమ్మీ పక్కన ఎక్కి కూర్చుంది. ఆటో కదిలింది.

నిలోఫర్ పరుగెత్తి ఆటో కమ్మీ పట్టుకుంది.

"ఆపండి అంకుల్. ఆపండి."

వీర్రాజు బ్రేకు తొక్కాడు. "పడతావమ్మా. ఏమైంది?"

నిలోఫర్ జేబులోంచి కాగితం తీసి అమ్మీ చేతిలో పెట్టింది. అమ్మీ విప్పి చూసింది. సగం సూది.

"మొన దొరకలేదు అమ్మీ. నేనే విరగ్గొట్టాను. నువ్విచ్చింది మన ఇంట్లోది."

అమ్మీ తిట్టలేదు. ఆటో దిగి నేరుగా షెడ్డులోకి వెళ్ళింది. రిజిస్టర్ తీసి తన సంతకాన్ని తనే అడ్డంగా కొట్టేసింది. అది చూస్తే, తిట్టినా బావుండేది అనిపించింది నిలోఫర్‌కి.

"నేను కుట్టింది ఒక్క బొమ్మేనండి, ఆంటీ" అంది ఏడుపు ఆపుకుంటూ. "అదొక్కటి తీసేస్తే చాలదాండి?"

దేవకుమారి తల అడ్డంగా ఊపింది. "ఎక్కడ పడిందో నీకు తెలుసా?"

"తెలీదండి."

"మరి? ముప్పై ఆరూ చూడాల్సిందే."

ఎలా చూడడం? దూది నిండిన బొమ్మలో గోరంత ముక్క. చేత్తో నొక్కితే దొరికేది కాదు. అన్నీ కోస్తే ఆర్డరే ఉండదు.  దేవకుమారి ఫోన్ తీసింది. ఆమె తమ్ముడు ఏసుకుమార్ ఊరి చివర రొయ్యల ప్లాంటులో పనిచేస్తాడు.

"ఒరేయ్ తమ్ముడూ, మీ మెటల్ డిటెక్టర్ ఖాళీయేనా?"

ఆదివారం కాబట్టి ఖాళీయే. అక్కడ రొయ్యల ప్యాకెట్లు ఒక బెల్టు మీద వెళ్తాయి. లోపల ఇనుము ఉంటే బెల్టు ఆగి, మిషను కూత పెడుతుంది. పెట్టె, రిజిస్టర్ తీసుకుని వీర్రాజు ఆటోలో వాళ్ళు చేరేసరికి, మేనేజరుని అడిగి ఏసుకుమార్ బెల్టు కడిగి, తుడిచి ఉంచాడు.

"రొయ్యల వాసన పట్టిందంటే నన్ననకండి" అన్నాడు.

"గూడబాతులేగా, వాటికి అలవాటేలే" అంది దేవకుమారి. ఎవరూ నవ్వలేదు. అయినా ఒక్కో బొమ్మనీ ప్లాస్టిక్ కవర్లో పెట్టారు.

ఏసుకుమార్ ముందు చిన్న ఇనుప చుక్క ఉన్న కార్డుని పంపాడు. కుయ్‌మంది. మిషను బాగానే ఉంది. తర్వాత నిలోఫర్ కుట్టిన బొమ్మని పెట్టాడు. అది బెల్టు మీద మెల్లగా వెళ్ళి, చప్పుడు లేకుండా అవతలికి వచ్చింది.

"అందులో లేదు" అన్నాడు.

రెండోది. అయిదోది. పదిహేనోది. గోడ మీది గడియారం అయిదు దాటింది. బస్సు వెళ్ళిపోయింది. ఇరవై. ఇరవై ఎనిమిది.

ఇరవై తొమ్మిదో బొమ్మకి బెల్టు టక్కున ఆగింది. మిషను కూత పెట్టింది.

అది నిలోఫర్ అసలు కుట్టని బొమ్మ. టీ తర్వాత దూది కూరిన వాటిలో ఒకటి. విరిగిన మొన ఎగిరి దూది బుట్టలో పడింది. ఆ దూదితో పాటు ఇందులోకి వచ్చింది.

మిగిలిన ఏడూ కూడా పంపాకే కత్తెర తీశారు. దేవకుమారి బొమ్మ పొట్ట కోసి దూదిని పొరలు పొరలుగా విడదీసింది. తెల్లటి దూదిలో చిన్న మెరుపు. అమ్మీ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టింది. అతికినట్టు సరిపోయాయి.

"ఇప్పుడు షాపావిడకి ఫోన్ చెయ్యాలి" అంది దేవకుమారి. "బస్సు తప్పిందని చెబుదామా? ఆర్డరు పోయినా పోవచ్చు."

"నేను చెప్తానండి" అంది నిలోఫర్.

అమ్మీ ఆమె వైపు చూసింది. ఫోన్ కలిపి చేతికిచ్చింది.

"అండీ, విజయకుమారి గారేనాండి? నేను కైకలూరు నుంచి నిలోఫర్‌నండి. ఖదీజా గారి అమ్మాయిని. బొమ్మలు రేపు రావండి. నేను చెప్పకుండా సూది తీసి విరగ్గొట్టాను. అమ్మీకి తెలియకుండా ఇంకోటి పెట్టేశాను. మొన ఒక బొమ్మలోకి పోయిందండి."

అటువైపు నుంచి ఒకటే ప్రశ్న వచ్చింది.

"దొరికిందా?"

"దొరికిందండి. రిజిస్టర్‌లో అంటిస్తున్నారు."

"ఫొటో తీసి పంపమను."  "సరే, మంగళవారం ఉదయం ఆఖరు. రేపటి బస్సుకి వెయ్యండి. ముప్పై ఆరూ వస్తాయిగా?"

అవునంటే అయిపోతుంది. కోసిన అల్లిక మళ్ళీ అతకదని, ఒక్కరోజులో ఇంకో గూడబాతుని అల్లడం ఎవరి వల్లా కాదని నిలోఫర్‌కి తెలుసు. కోసిన బొమ్మ వైపు చూసింది. ఫోన్ గట్టిగా పట్టుకుంది.

"లేదండి. ముప్పై అయిదే."