కబ్ద్‌లో నీలం స్వెటరు

వాన వెలిసి రెండు రోజులైనా కువైట్ శివారు కబ్ద్‌లో నీళ్లు ఇంకలేదు.

అరుణజ్యోతి రేకుల క్యాబిన్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని పెరుగన్నం డబ్బా మూత తీసింది. వెంటనే పెట్టేసింది. అమలాపురం నుంచి వచ్చిన దగ్గర్నుంచీ కువైట్‌లో ఆమెకిదే పని. గాలివానకి కూలిన షెడ్లకీ, తెగిన కంచెలకీ డ్రోన్ పైనుంచి ఫోటోలు తీస్తే, అన్నీ కలిపి ఒకే మ్యాపుగా చేసి, నష్టం ఉన్న చోటల్లా ఎర్రగీత గియ్యాలి. ఎన్ని చోట్ల తిరిగినా ఇంత కంపు మాత్రం ఎరగదు.

కిటికీ అవతలే గొర్రెల దొడ్డి. వరదకి చచ్చిన గొర్రెలు ఉబ్బిపోయి, కాళ్లు పైకెత్తి, బురదలో ఒకదాని మీద ఒకటి పడున్నాయి. తడి ఉన్నీ పేడా కుళ్లూ కలిసిన వాసన. ఏసీ గాలిలోనూ అదే. మింగిన ఉమ్మిలోనూ అదే.

ఆ దొడ్డి కాపలాదారు హన్మాండ్లు వాన రాత్రి నుంచి కనబడలేదు. డ్రోన్ ఎగరేసే జలంధర్‌కి అతను స్వయానా బావ. జగిత్యాల దగ్గర ఊరి నుంచి అక్క కొమురక్క పూటపూటా ఫోన్ చేసి ఏడుస్తోంది. ఆఖరిసారి వీడియోలో మాట్లాడినప్పుడు నీలం స్వెటరు వేసుకున్నాడట. ఈ సాయంత్రం గొర్రెల్ని అక్కడే పూడ్చేసి సున్నం చల్లేస్తారు. దొడ్డిలో మనిషి లేడని మ్యాపు చూసి అరుణజ్యోతి చెప్పడమే తరువాయి.

పొద్దున జలంధర్ ఆగలేక తనే దొడ్డిలోకి దిగాడు. మెడదాకా బురదతో తిరిగొచ్చాడు.

“దొరికాడా?”

“లేడు మేడం. ఓ గొర్రెను జరపవోయి అండ్లనే పడ్డ. ఎనకకెంచి ఏదో మీద పడ్డది... మెడ పట్టుకున్నట్టే అయింది. గొర్రె కాలే కావచ్చు.”

“ఛీ! ముందు స్నానం చెయ్యి బాబూ. ఆ బట్టలు దూరంగా పారెయ్యి.”

సబ్బంతా అరగదీసి, ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. అయినా ఆమె ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది.

“ఎండుచేపలు తినే గోదావరోళ్లకు గీ వాసనెంత మేడం?”

“ఎండుచేప వాసనకి ఆకలేస్తుందయ్యా. నువ్వొస్తుంటే కడుపులో దేవుతోంది.”

అతను నవ్వబోయి నడుం పట్టుకున్నాడు. “సిమెంటు బస్తా మోసినట్టు గుంజుతుంది.”

మధ్యాహ్నం దొడ్డి గట్టు వెంట నడుస్తూ డ్రోన్ ఎగరేశాడు. ఆ ఫోటోల్ని కంప్యూటర్ ఇప్పుడు ఒక్కొక్కటిగా అతుకుతోంది. ఆ మ్యాపుల్లో ఒక తీరుంది. ఫోటోలు తీసేటప్పుడు కదిలిన మనిషి అలుక్కుపోయి, నాలుగైదు చోట్ల మరకలా కనబడతాడు. కదలనిదే స్పష్టంగా పడుతుంది.

గొర్రెలు స్పష్టంగా పడ్డాయి. కళ్ల గుంటల్లో ముసిరిన ఈగలు నల్లగా అలుక్కుపోయాయి. అరుణజ్యోతి పళ్లు బిగించి, ప్రతి కళేబరాన్నీ పెద్దది చేసి చూసింది. మనిషి లేడు.

మ్యాపులో గట్టు మీదికి వచ్చింది. అక్కడ జలంధర్. అయిదు తెల్లటి మరకలు. ముఖం లేదు, కాళ్లు లేవు... నడిచాడు కదా.

కానీ ప్రతి మరక వీపునా ఏదో నీలంగా ఉంది.

పెద్దది చేసింది.

స్వెటరు. అల్లిక కుట్లు కూడా లెక్కపెట్టొచ్చు. కదిలే మనిషి వీపు మీద... కదలకుండా. రెండు చేతులూ అతని మెడ చుట్టూ బిగించి.

తలుపు తెరుచుకుంది. ముందు వాసన వచ్చింది. తరవాత జలంధర్.

“మ్యాప్ అయిందా మేడం? బావ... ఉన్నడా?”

అతను బల్ల మీదికి వంగితే ఆమె తెరని పక్కకి తిప్పేసింది. అతని భుజం మీంచి ఒక తెల్లటి మెతుకు జారి కీబోర్డు మీద పడింది. మెతుకు మెల్లగా పాకింది.

బయట బుల్డోజర్ హారన్. “యల్లా మేడం! ఖలాస్?” త్వరగా, అయిపోయిందా అని ఫోర్‌మన్ కేక.

జలంధర్ జేబులో ఫోన్ మోగింది. వీడియో కాల్. ముఖానికెదురుగా పెట్టుకున్నాడు. కొమురక్క బొంగురు గొంతు.

“తమ్మీ, గాయిన...” ఆగిపోయింది. ఆపైన ఒక్కసారిగా ఏడుపూ నవ్వూ. “దొరికిండా! దొరికినట్టు చెప్పవేందిరా! ఏమయ్యా, గట్ల పోరని మీద ఎక్కి కూసున్నవేంది? నోట్లె గా మట్టేంది? ఓ అయ్యా... మాట్లాడవేంది?”

లైను కట్టయింది.

జలంధర్ కదల్లేదు. పెదాలు మాత్రం ఆడాయి.

“మేడం... నా ఎనక... ఎవరన్న ఉన్నరా?”

అరుణజ్యోతి లేచి, గోడకి అంటుకుంటూ వెళ్లి అతని వెనక్కి చూసింది. ఎవరూ లేరు. గోడ. తలుపు. ఉతికిన తెల్లచొక్కా.

కాలరు కింద నాలుగు వేళ్ల బురద ముద్రలు. తడిగా.

ఆమె చూస్తుండగానే... బొటనవేలిది పడింది.