పద్నాలుగు నిమిషాలు ఎవరు కాజేశారు?

ఉదయం 10:42కి అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో ఫోన్ మోగింది.

10:56కి బండి కదిలింది.

11:07కి ఒక టైలర్ షాపు ముందు ఆగింది.

టైలర్ నేల మీద ఉన్నాడు. పక్కన భార్య, రెండు చేతులూ అతని గుండె మీదే పెట్టుకుని ఉంది. మిషను సూది కింద సగం కుట్టిన చొక్కా చెయ్యి అలాగే ఉండిపోయింది. నాడి అందలేదు. వయసు యాభై రెండు.

"పది నిమిషాలు ముందు వచ్చి ఉంటే బతికే అవకాశం ఉండేది" అని ఆసుపత్రి రిపోర్టులో డాక్టరు రాశాడు.

ఆ ఒక్క వాక్యం పేపర్లకెక్కింది. నాలుగో రోజున ఫోన్ ఎత్తిన ఆపరేటర్ సస్పెండ్ అయింది. తొమ్మిదో రోజు ఉదయం ఫైలు సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్ బల్ల మీదికి వచ్చింది. ఆవిడ పోలీసు ఉద్యోగంలోకి రాకముందు నాలుగేళ్లు సర్వర్ల మధ్య బతికిన మనిషి. అందుకే ఏరి కోరి ఇచ్చారు.

ఫైల్లో అభియోగం రెండు లైన్లే. కాల్ పంపడంలో పద్నాలుగు నిమిషాల జాప్యం. ఆ సమయంలో సర్వర్ ఖాళీగానే ఉంది, కాబట్టి తప్పు ఆపరేటర్‌దే.

ఇన్‌స్పెక్టర్ ముందు ఆపరేటర్ ఇంటికి వెళ్లింది.

రెండు గదుల ఇల్లు. ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫామ్ తలుపు వెనక వేలాడుతోంది. ఆపరేటర్‌కి ముప్పై దాటి ఉండవు. కళ్ల కింద మాత్రం వయసు పైబడింది.

"సీట్లోంచి లేచారా?"

"లేవలేదు మేడమ్."

"అడ్రస్ ఎప్పుడు ఎక్కించారు?"

"ఫోన్ చేసినావిడ చెప్తుండగానే. పంపే బటన్ నొక్కాను. తెర మీద చక్రం తిరగడం మొదలెట్టింది. ఇక ఆగలేదు."

"సూపర్‌వైజర్‌కి చెప్పారా?"

"ఇంకో ఫోన్లోంచి మూడుసార్లు చేశాను. ఎత్తలేదు. ఆ రోజు పైనుంచి పెద్దలెవరో చూడ్డానికొచ్చారు. అందరూ మీటింగ్ హాల్లోనే ఉన్నారు."

"డ్రైవర్లకి నేరుగా చెప్పొచ్చుగా?"

"ఏ బండి ఎక్కడుందో ఆ తెరే చెప్పాలి మేడమ్. తోచిన ఇద్దరికి చేశాను. ఇద్దరి బండ్లలోనూ పేషెంట్లున్నారు."

లోపలి గదిలో ఎవరో గిన్నె ఠక్కున పెట్టారు. ఆపరేటర్ గొంతు తగ్గించింది.

"మా అత్తయ్య. పేపర్లో చూసినప్పట్నుంచి నాతో మాట్లాడ్డం లేదు. మా ఆయన మాట్లాడతారు గానీ మొహం చూడరు. నేనే ఏదైనా తప్పు నొక్కానేమో అని ఇప్పుడు నాకే అనుమానం వస్తోంది మేడమ్."

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ మూసి లేచింది.

11:30కి కంట్రోల్ సెంటర్ చేరింది. సర్వర్ రూమ్ చల్లగా, హోరుగా ఉంది. తలుపు తీసిన మనిషిని చూసి ఆగిపోయింది.

"అమ్మాయ్, నువ్వా? పోలీసులు నీకు తిండి పెట్టట్లేదా ఏంటి, ఇలా చిక్కిపోయావు?"

మాస్టారు. అసలు హోదా చీఫ్ ఇంజనీర్. ఊళ్లో సర్వర్లు చూసుకునే వాళ్లలో సగం మంది ఆయన దగ్గరే నేర్చుకున్నారు, అందుకే ఆ పేరు. నల్ల తెర ముందు కూర్చోబెట్టి ఆవిడకి మొదటి కమాండ్ కొట్టించింది కూడా ఆయనే.

ఆవిడకి మనసు కొంచెం తేలికైంది. ఈయన ఉన్న చోట అబద్ధం ఉండదనుకుంది.

"ఎలా అమర్చారు మాస్టారూ?"

"ఒక పెద్ద మిషను. అందులో మూడు వర్చువల్ మిషన్లు. వాటాలు వేసి అద్దెకిచ్చిన ఇల్లనుకో. ఎవరి గుమ్మం వాళ్లది. బావి, అంటే ప్రాసెసర్ మాత్రం, అందరికీ ఒకటే. అంబులెన్స్ ప్రోగ్రామ్ మొదటి వాటాలో ఉంటుంది."

"ఆ రోజు లెక్కలు?"

ఆయన రెండు పేజీల ప్రింటవుట్ అందించాడు. ప్రతి పది నిమిషాలకూ ప్రాసెసర్ ఏం చేస్తోందో మిషను తనంతట తానే రాసుకున్న లెక్క అది. 10:50 దగ్గర ఆయన వేలు పెట్టాడు.

"ప్రోగ్రాములు వాడింది పద్దెనిమిది శాతం. సిస్టమ్ ఆరు. డిస్కు కోసం ఆగింది ఒకటి. పాతిక్కి మించలేదు. మిగతాదంతా ఖాళీయే కదా."

ఆవిడ రెండో పేజీ తిప్పింది. అదే 10:50. పని కోసం వరుసలో నిలబడ్డ ప్రోగ్రాములు ఎన్నో చెప్పే అంకె. మామూలు రోజుల్లో రెండో, మూడో ఉంటుంది.

ముప్పై ఒకటి.

మళ్లీ మొదటి పేజీ చూసింది. మళ్లీ రెండోది.

"దీని అసలు ఫైలు కావాలి మాస్టారూ."

"ఏడు రోజులే ఉంచుతాం. ఎనిమిదో రోజు దానంతటదే చెరిగిపోతుంది."

"ఇవాళ తొమ్మిదో రోజు."

"అవును." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

ఆవిడ ప్రింటవుట్ మడిచి ఫైల్లో పెట్టుకుంది.

12:10. ఆ రోజు డ్యూటీలో ఉన్న షిఫ్ట్ ఇంజనీర్ క్యాంటీన్ మెట్ల మీద దొరికాడు. నలభై ఏళ్ల మనిషి. అడక్కముందే చేతులు కట్టుకున్నాడు.

"ఆ రోజు టీకి వెళ్లారట?"

"10:30కి వెళ్లి 10:45కి వచ్చేశాను మేడమ్. రాగానే ఆపరేటర్లందరూ తెర ఆగిందని అరుస్తున్నారు. వెంటనే, ఏ ప్రోగ్రాము ఎంత వాడుతోందో చూపించే top కమాండ్ కొట్టి చూశాను. ఏ ప్రోగ్రామూ ప్రాసెసర్‌ని తినెయ్యట్లేదు. నాకేం పాలుపోలేదు."

"పైన వరుసలో చివరి అంకె చూశారా?"

"చివరిదా? అది ఎప్పుడూ సున్నాయే ఉంటుంది మేడమ్. ఎవరు చూస్తారు?"

"ఎవరికైనా చెప్పారా?"

"తెరని ఫోటో తీసి మాస్టారుకి పంపాను. 10:50కి. నిమిషంలో జవాబిచ్చారు, నేను చూసుకుంటా అని. ఆరు నిమిషాలకి అన్నీ వాటంతటవే కదిలాయి."

"ఫోటో ఉందా?"

ఉంది. ఆవిడ దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసింది. చాలాసేపు చూసింది.

"పెద్ద మిషన్లోకి మీరు వెళ్లగలరా?"

"నాకు మొదటి వాటా వరకే మేడమ్. ఇల్లంతటికీ తాళం చెవి మాస్టారు దగ్గరే ఉంటుంది."

1:15కి తనిఖీ ఆర్డరు చూపించి పెద్ద మిషను ముందు కూర్చుంది. మాస్టారు పక్కనే నిలబడి పాస్‌వర్డ్ కొట్టి, వెనక్కి తగ్గాడు.

ఉన్న వర్చువల్ మిషన్లన్నిటి పేర్లూ చూపించే కమాండ్ కొట్టింది, virsh list --all. మూడు పేర్లు వచ్చాయి. ఆయన చెప్పినవే.

తర్వాత వర్చువల్ మిషన్ల లాగ్‌లు, అంటే ఏది ఎప్పుడు నడిచిందో రాసి ఉండే ఫైళ్లు, ఉండే డైరెక్టరీ తెరిచింది.

నాలుగు ఫైళ్లు.

నాలుగోదాని పేరు test-07. ఆ పేరుతో మిషనే లేదు. మిషన్ని తీసేసినా దాని లాగ్ అక్కడే పడి ఉంటుంది. ఆ సంగతి ఆవిడకి ఎవరు నేర్పారో గుర్తొచ్చి, కీబోర్డు మీద చెయ్యి ఆగింది.

వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

ఫైలు కాపీ చేసుకుని బయటికి వచ్చి, జీపులో పది నిమిషాలు ఊరికే కూర్చుంది. డ్రైవర్ ఎక్కడికని అడగబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు.

సాయంత్రం 4 గంటలకి మీటింగ్ హాల్. బల్లకి ఒక వైపు సెంటర్ డైరెక్టర్, మాస్టారు. ఇంకో వైపు షిఫ్ట్ ఇంజనీర్. ఆ చివర్న, పిలిపించిన ఆపరేటర్.

"త్వరగా కానివ్వండి మేడమ్, 4:30కి నాకు ఇంకో మీటింగుంది" అన్నాడు డైరెక్టర్.

ఇన్‌స్పెక్టర్ ప్రింటవుట్ బల్ల మీద పెట్టింది.

"10:50కి క్యూలో ముప్పై ఒక్క ప్రోగ్రాములు నిలబడ్డాయి. అదే సమయానికి కౌంటర్ పాతిక శాతమే పనిచేసింది. క్యూ అంత పొడుగున్నప్పుడు కౌంటర్ ఖాళీగా ఎలా ఉంటుంది?"

ఆవిడ మొదటి పేజీని డైరెక్టర్ వైపు జరిపింది.

"కౌంటర్లో మనిషిని ఎవరో పిలుచుకుపోతే ఉంటుంది. ఆ లెక్క కూడా మిషను రాస్తుంది. మొదటి పేజీలో చివరి రెండు కాలమ్స్‌లో. ఒకటి, పక్కవాళ్లు లాక్కున్న సమయం. రెండోది, నిజంగా ఖాళీగా ఉన్న సమయం. ఈ పేజీలో ఆ రెండూ లేవు."

"ప్రింటర్ అంచు దాటిపోయి ఉంటుంది" అన్నాడు డైరెక్టర్.

"రెండు పేజీలూ ఒకే సైజు అక్షరాలు. రెండో పేజీలో వరుసలు అంచుదాకా చక్కగా ఉన్నాయి. మొదటి పేజీలో ఇంత తెల్ల కాగితం మిగిలి ఉంది. ఇది అంచు దాటలేదు సార్. కత్తిరించారు."

ఇన్‌స్పెక్టర్ షిఫ్ట్ ఇంజనీర్ ఫోను తీసుకుని ఫోటో చూపించింది.

"ఇది 10:50కి తీసింది. పై వరుస చివర st అని ఉంది చూడండి, ఆ లాక్కున్న సమయమే అది. డెబ్బై మూడు. అంటే నూటికి డెబ్బై మూడు వంతుల సమయం అంబులెన్స్ ప్రోగ్రామ్‌కి అందలేదు. బావి దగ్గర ఎవరో పెద్ద మోటారు పెట్టారు."

"ఎవరు?" అన్నాడు షిఫ్ట్ ఇంజనీర్.

"test-07 అనే మిషను. పదహారు ప్రాసెసర్లు ఇచ్చారు దానికి. లాగ్ గడియారం ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. మన సమయానికి మార్చుకుంటే, మొదలైంది 10:38కి. ఆపింది 10:56కి. ఆ నిమిషంలోనే ఈ ఆపరేటర్ పంపిన కాల్ బయటికి వెళ్లింది. తర్వాత ఆ మిషన్ని చెరిపేశారు. చెరపగలిగే మనిషి ఇక్కడ ఒక్కరే."

ఆవిడ ఆ పేరు పలకలేకపోయింది. ఆయన వైపు చూసింది, అంతే.

మాస్టారు తల వంచుకునే ఉన్నాడు.

"వద్దన్నాను" అన్నాడు చివరికి. "రెండుసార్లు చెప్పాను, దీనికి వేరే మిషను కావాలని. ఇరవై నిమిషాల డెమోకి వేరే మిషను ఎందుకన్నారు డైరెక్టర్ గారు. వచ్చిన పెద్దల ముందు బొమ్మ ఆగకూడదన్నారు. అందుకని దాన్ని అందరికంటే ముందు పెట్టాను."

"టెక్నికల్ విషయాలు నాకేం తెలుస్తాయి?" అన్నాడు డైరెక్టర్.

"ఏం డెమో అది?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

డైరెక్టర్ గడియారం చూసుకున్నాడు. మాస్టారే చెప్పాడు.

"అంబులెన్స్ ఎంత తొందరగా చేరుతుందో చూపించే మ్యాపు."

ఆపరేటర్ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఫోటో చూడగానే నాకు అర్థమైంది అమ్మాయ్. ఆపేద్దామని లేచాను. ఈయన చెయ్యి పట్టుకుని, ఐదు నిమిషాల్లో అయిపోతుంది కూర్చోండి అన్నారు." కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "కూర్చున్నాను."

"తర్వాత ఈవిణ్ణి సస్పెండ్ చేశారు. అప్పుడు?"

"ముప్పై ఏళ్లు సంపాదించుకున్న పేరు. ఒక్క రోజులో పోతుందని భయమేసింది."

"ఆవిడకీ ఒక పేరుంది మాస్టారూ."

ఆయన ఆ చివరన ఉన్న ఆపరేటర్ వైపు తల తిప్పబోయాడు. సగంలోనే ఆగిపోయాడు.

డైరెక్టర్ లేచాడు. తలుపు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లు ఉన్నారు. ఆయన మళ్లీ కూర్చున్నాడు.

సంతకాలయ్యేసరికి 5:40. జీపు ఎక్కబోతూ మాస్టారు ఆగి అన్నాడు, "ఆ లాగ్ కూడా తీసేద్దామనుకున్నాను. రెండుసార్లు కూర్చున్నాను దాని ముందు. చెయ్యి రాలేదు."

ఆవిడ తలూపింది. కేసు తేలిన సంతోషం ఎక్కడా తగల్లేదు. తెలిసిన చేతులకి బేడీలు వెయ్యాల్సి రావడం ఇదే మొదటిసారి.

మర్నాడు ఉదయం ఇన్‌స్పెక్టర్ ఒక్కతే టైలర్ షాపుకి వెళ్లింది. షట్టర్ సగం ఎత్తి ఉంది. లోపల అతని భార్య, ఎవరి బట్టలు వాళ్లకి తిరిగివ్వడానికి మూటలు కడుతోంది.

ఇన్‌స్పెక్టర్ జరిగింది జరిగినట్టు చెప్పింది. సర్వర్లు, వాటాలు అన్నీ వదిలేసి, ఎవరు ఏం చేశారో మాత్రమే చెప్పింది. టైలర్ భార్య మూట కట్టడం ఆపకుండానే విన్నది.

"అయితే నేను అడ్రస్ సరిగ్గానే చెప్పానా?"

ఇన్‌స్పెక్టర్‌కి ముందు అర్థం కాలేదు.

"ఆ కంగారులో కుడి అన్నానో ఎడమ అన్నానో గుర్తు లేదమ్మా. బండి రాకపోతే నేనే తప్పు చెప్పి ఉంటాననుకున్నాను. మా అబ్బాయికి కూడా చెప్పలేదు. పది రోజులుగా కళ్లు మూస్తే అదే."

"కుడి అనే చెప్పారు. రికార్డింగ్ నేను విన్నాను. ఒక్క మాట తడబడలేదు. మీరు చెప్పడం మొదలెట్టిన పదకొండు సెకన్లకే ఆవిడ ఎక్కించింది."

ముడి వేస్తున్న చేతులు ఆగిపోయాయి. ఆవిడ మిషను పక్కనున్న స్టూలు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు దించింది.

"ఆ అమ్మాయి ఫోన్ పెట్టెయ్యలేదు. గుండె మీద ఎలా నొక్కాలో లెక్కపెడుతూ చెప్తూనే ఉంది. ఆయాసం వచ్చి ఆపితే, ఆపకండమ్మా అనేది. తనకేమీ కాలేదు కదా?"

"ఉద్యోగం పోబోయింది. ఇవాళ మళ్లీ చేరుతోంది."

"నంబరు ఇస్తారా?"

బల్ల మీదున్న కొలతల పుస్తకంలో ఇన్‌స్పెక్టర్ నంబరు రాసిచ్చింది. ఆవిడ కళ్లు తుడుచుకుని, ఒక్కో అంకె చూసి చూసి నొక్కింది. అవతల ఎత్తారు.

"అమ్మా, నేను... ఆ రోజు ఫోన్ చేసిన టైలర్ గారి భార్యని. రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?"

ఇన్‌స్పెక్టర్ తల వంచి, సగం ఎత్తిన షట్టర్ కిందుగా బయటికి వచ్చేసింది.