ఫొటోలో లేని మనిషి

క్రిస్మస్ పొద్దున ఆ ఇంట్లో అందరికంటే ముందు స్నానం చేసేవి మెట్లు. హాల్లోంచి మేడ మీదికి వెళ్ళే తొమ్మిది చెక్క మెట్లనూ పెద్దావిడ ఒకసారి తడిబట్టతో, ఒకసారి పొడిబట్టతో తుడిచేది. ఆ తర్వాత ఎవరైనా వాటి మీద కాలు పెడితే వాళ్ళ పని అయిపోయినట్టే. మేడ మీద పడుకున్నవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని, దొంగల్లా గోడవారగా దిగేవారు.

ఈ హంగామా అంతా ఒక్క ఫొటో కోసం. పెద్దాయన నలభై ఏళ్ళు ఫొటో స్టూడియో నడిపిన మనిషి. పెళ్ళయ్యాక వచ్చిన మొదటి క్రిస్మస్‌కి, కొత్త పెళ్ళాన్ని కింది మెట్టు మీద కూర్చోబెట్టి ఫొటో తీశాడు. తర్వాత ఆవిడ ఒడిలోకి కొడుకు వచ్చాడు, ఆ తర్వాత కూతురు వచ్చింది. పిల్లలు ఎదిగేకొద్దీ మెట్లు ఎక్కుతూ పోయారు. ఏటా చర్చి నుంచి రాగానే, భోజనాలకు ముందు ఫొటో దిగడం ఆ ఇంటి ఆచారమైపోయింది. మెట్ల పక్క గోడ మీద ఇప్పుడు ముప్పై ఆరు ఫ్రేములున్నాయి.

ఎవరి మెట్టు వాళ్ళదే. పెద్దావిడది మొదటిది, కొడుకుది మూడోది, కూతురిది ఐదోది. అల్లుడు బస్సు డ్రైవరు, నవ్వించడంలో దిట్ట. అత్తవారింట్లో తనకు దక్కిన ఆస్తి ఆ ఆరో మెట్టొక్కటేనని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పుకునేవాడు.

నాలుగో మెట్టు మాత్రం నాలుగేళ్ళుగా ఖాళీగా ఉంది. అది కోడలిది. జబ్బు చేసి మూడు నెలల్లో పోయింది. అప్పటి నుంచీ ఫొటోల్లో ఆ మెట్టు మీద ఎవరూ నిలబడలేదు. పెద్దావిడ దాన్ని మిగతా వాటికంటే ఇంకో రెండుసార్లు ఎక్కువే తుడిచేది.

ఆర్నెల్ల క్రితం కొడుకు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కొత్త కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఆమెకు మొదటి భర్త పోయాడు, ఏడేళ్ళ కూతురుంది. అన్నం మెతుకు మెతుకూ ఏరుకుని తింటుందని అల్లుడు ఆ పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టాడు. పెద్దావిడ కొత్త కోడల్ని ఒక్క మాట అనలేదు. వాళ్ళు వచ్చినప్పుడల్లా దగ్గరుండి వడ్డించింది, చలికి దుప్పటి ఇచ్చింది. కానీ ఆర్నెల్లయినా ఆమెను మీరు అనే పిలిచేది. అంత మర్యాద చూసి కొత్త కోడలికి ఒక్కోసారి ఏడుపొచ్చేది.

ఈ ఏడు ఒక చిక్కొచ్చి పడింది. పెద్దాయన చేతులు వణుకుతున్నాయి. నిరుడు తీసిన ఫొటోలో అందరూ అలికేసినట్టు వచ్చారు. కెమెరాని స్టాండు మీద పెట్టి, దానంతట అదే తీసుకునేలా అమర్చేస్తే సరిపోతుందని పొద్దున కాఫీలప్పుడు అల్లుడన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. మనుషులు మనిషిని చూసి నవ్వుతారు గానీ, యంత్రాన్ని చూసి నవ్వరని ఆయన పాత సిద్ధాంతం.

అప్పుడు పెద్దావిడ కొత్త కోడలి వైపు తిరిగి, "మీరు తీయండమ్మా. రోజూ అద్దాలతో పనిచేసేవారు, గురి బాగా కుదురుతుంది" అంది.

నవ్వుతూనే అంది. కొత్త కోడలు అలాగేనండి అని కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మరి అమ్మ ఏ మెట్టు మీద నిలబడుతుందని పిచ్చుక అడిగింది. పెద్దావిడకి మాత్రం గుండెల మీంచి బరువు దిగినట్టయింది. నాలుగో మెట్టు మీదికి ఎవరెక్కాలన్న ప్రశ్న ఆర్నెల్లుగా ఆవిణ్ణి తినేస్తోంది. ఇప్పుడు ఆ ప్రశ్నే లేకుండా పోయింది.

చర్చి నుంచి వచ్చాక అందరూ మెట్లెక్కారు గానీ కొడుకు ఎక్కలేదు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. రోజంతా ఊళ్ళోవాళ్ళని పైకెక్కించే మనిషికి సొంతింట్లో మూడు మెట్లు బరువయ్యాయా అని అల్లుడు వేళాకోళం చేశాడు.

"తను ఫొటోలో లేకపోతే నేనూ ఉండను" అన్నాడు కొడుకు.

"ఎవరో ఒకరు తీయాలి కదరా."

"ఎవరో ఒకరు కాదమ్మా. నువ్వు ఏరి ఏరి తననే పట్టుకున్నావు. ఆర్నెల్లుగా చూస్తున్నాను. తనని ఈ ఇంటికి చుట్టంలాగే ఉంచుతున్నావు."

పెద్దావిడ మొహం ఎర్రబడింది. పోయిన పిల్ల పేరు ఈ ఇంట్లో ఎత్తేవాళ్ళే లేరని, దాని బట్టలు పంచేశారని, దాని గదికి రంగు మార్చారని గబగబా చెప్పుకుపోయింది. "ఆ ఒక్క మెట్టు మిగిలింది. దాన్నైనా నాకు ఉంచండి" అంది.

కొడుకు వెనక్కి తిరిగి, చెప్పులు వేసుకోమని పిచ్చుకకి చెప్పి, సంచి భుజాన వేసుకున్నాడు. వంటింట్లో వంటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇప్పుడు వీడు గడప దాటితే మళ్ళీ క్రిస్మస్‌కి రాడని పెద్దావిడకి తెలుసు. అయినా వెళ్ళి ఆపలేదు.

కొత్త కోడలు కెమెరా చేతిలోకి తీసుకుంది. "గొడవెందుకండీ? నేను తీస్తాను. నాకేం బాధ లేదు" అంది.

మూలనున్న కుర్చీలో పెద్దాయన అంతవరకూ చప్పుడు చేయకుండా కూర్చున్నాడు. ఆయన మాట్లాడటమే తక్కువ. "బాధ లేదనకమ్మా. నేనూ అలాగే అనేవాణ్ణి" అన్నాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"ఫొటో అయిపోగానే మీరంతా నవ్వుకుంటూ భోజనాలకి వెళ్ళేవాళ్ళు. నేను వెనకాల స్టాండు మడత పెట్టుకుంటూ ఉండేవాణ్ణి. అక్కడ నిలబడటం నాకిష్టమే, కాదనను. అది నేను ఎంచుకున్న పని." ఆయన భార్య వైపు చూశాడు. "ఈ పిల్లకి నువ్వు ఆ చోటు ఇచ్చింది పనుండి కాదు. మెట్ల మీద చోటివ్వడం ఇష్టం లేక."

పెద్దావిడకి కోపం రావాల్సింది, రాలేదు. ఆవిడ కళ్ళు గోడ మీదికి పోయాయి. రోజుకి ఇరవైసార్లు ఆ ఫ్రేముల పక్కనుంచి ఎక్కి దిగుతుంది. ముప్పై ఆరింట్లో తనుంది, పిల్లలున్నారు. ఒక ఏడాది పక్కింటి పిల్లి కూడా ఉంది. ఆయన లేడు, ఒక్కదాంట్లోనూ లేడు. మీరూ రండి అని ఒక్క ఏడాదైనా పిలిచానా అని వెతుక్కుంది. పిలవలేదు. ఇంట్లో మనిషినే అన్నేళ్ళు బయట నిలబెట్టింది. ఇప్పుడు ఇంటికొచ్చిన పిల్లని నవ్వుతూ అక్కడికే పంపింది. ఆవిడకి సిగ్గేసింది. తుడిచిన మెట్టు మీద అలాగే కూలబడి, పిల్లలందరి ముందూ ఏడ్చేసింది.

కాసేపటికి లేచి కొత్త కోడలి చేతిలోంచి కెమెరా తీసుకుంది.

"మొదటిది నేను తీస్తాను. తర్వాత ఒక్కొక్కరూ ఒక్కోటి తీయాలి, పిచ్చుకతో సహా. ఇకనుంచి మనింట్లో ఇంతే" అని చెప్పి, భర్తను మెట్ల వైపు పంపింది. "వెళ్ళండి. నా మెట్టు మీద కూర్చోండి."

పెద్దాయన మెట్ల దగ్గరికి వెళ్ళాడు గానీ, అక్కడ ఎలా ఉండాలో ఆయనకి తెలియలేదు. లోకంలో అందరికీ గడ్డం ఎత్తండి, భుజం దించండి అని చెప్పినాయన, తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక నిలబడిపోయాడు. పిచ్చుక ఆయన చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టి, పక్కనే ఇరుక్కుంది. కొడుకు సంచి కింద పెట్టి తన మెట్టెక్కాడు. కొత్త కోడలు మాత్రం కిందే ఆగిపోయింది.

కెమెరాలోంచి చూస్తే పెద్దావిడకి ఆ ఖాళీ మొదటిసారి కనబడింది. నాలుగేళ్ళూ దానికి వీపు పెట్టి కూర్చుంది గానీ, ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. నిండుగా ఉన్న మనుషుల మధ్య పన్ను ఊడినట్టుంది. కొడుకు దాని పక్కన బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్నాడు.

"నాలుగో మెట్టు ఎక్కమ్మా" అంది.

కొత్త కోడలు కదల్లేదు. "అది అక్క మెట్టు అత్తయ్యా. నేను పైన ఏడో మెట్టు మీద ఉంటాను" అంది.

పోయిన పిల్లని ఒక్కసారైనా కలవని మనిషి దాన్ని అక్క అంది.

"అక్క మెట్టే. కాదని ఎవరన్నారు? మెట్టు వెడల్పుగానే ఉంది. అక్కకి కాస్త చోటుంచి, నువ్వూ నిలబడు."

కొత్త కోడలు మెట్లెక్కి, గోడవైపు ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, రెయిలింగుకి ఆనుకుని నిలబడింది. కొడుకు వెనక్కి తిరిగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెద్దావిడకి కెమెరాలో ఇంకేమీ కనబడటం లేదు, కళ్ళు నిండిపోయాయి. అయినా అందరూ ఎక్కడెక్కడున్నారో ఆవిడకి తెలుసు.

"ఎవరూ కదలకండి" అని నొక్కింది.